విప్పిన మూడో ముడి

ఒక అబద్ధం. ఇన్నేళ్లూ దాన్ని మింగలేక, కక్కలేక మోశాను. ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

నారాయణగూడలో నాకు ఫోటో స్టూడియో ఉండేది. అప్పట్లో పెళ్లి ఫోటో అంటే అంతా పోజులే. గడ్డం పైకెత్తమ్మా, చెయ్యి అలాగే ఉంచు బాబూ, ఊపిరి బిగబట్టండి. అరవై తొమ్మిదిలో చిక్కడపల్లిలో ఒక పెళ్లి. అమ్మాయిది నల్లకుంట, ఇక్కడి వాళ్లే. అబ్బాయి వాళ్లు కోస్తా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డవాళ్లు. తాళి కట్టే వేళకు నా ఫ్లాష్ వెలగలేదు. కాలిపోయిన బల్బు మార్చకుండా ఎవరితోనో కబుర్లాడుతున్నాను మరి. తాళి ఫోటో లేని ఆల్బమ్ ఇస్తే నా ముఖాన ఉమ్మరూ?

అందరూ భోజనాలకు లేచాక పెళ్లికొడుకుని అడిగాను, మూడో ముడి విప్పి, మళ్లీ కడుతున్నట్టు పట్టుకోమని. అమ్మాయి తాళిని గుప్పిట్లో బిగించింది.

"వద్దన్నా. కట్టిన ముడి ఇప్పుతరా? మంచిగుండదు."

"జరసేపే గదమ్మా. ఫొటో కోసం ఇప్పితే ఏమైతది?"

అబ్బాయి నవ్వుతూ విప్పాడు. ఫోటో అద్భుతంగా వచ్చింది.

ఆ ఏడే అతను పచ్చకామెర్లతో పోయాడు. ముడి విప్పడం దూరం నుంచి చూసిన బంధువెవరో అతని తల్లి చెవిన వేశారు. ఆవిడ నన్ను ఇంటికి పిలిపించింది. అమ్మాయి గది గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఆ ముడి విప్పమన్నది ఎవరయ్యా?"

"పిల్లనే అడిగిందమ్మా, ఫొటో మంచిగ రావాలని."

"అన్నా, నిజం చెప్పు" అంది అమ్మాయి. అంతే. నేను చెప్పులేసుకుని బయటికొచ్చేశాను.

మొగుణ్ణి మింగిందన్న పేరుతో ఆమెను నల్లకుంటకు పంపేశారు. తాళి ముడి విప్పితే మనిషి చస్తాడా? అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మరి నమ్మనివాణ్ణి, ఆ తల్లితో ఆ మాటే అనలేకపోయానెందుకు? దోషానికి కాదు నేను భయపడింది, పెళ్లి బేరాలు పోతాయని. పోలేదు. ఆ ఏడాది చేతినిండా పని. నా తెలివి తగలెయ్య.

ఆమె అత్తగారు ఎప్పుడో పోయారు. ఆ అమ్మాయి ఎక్కడుందో నేను వెతకలేదు. వెతకలేక కాదు, దొరుకుతుందేమోనని.

విప్పమన్నది నేను. ఆమె వద్దంది. ఈ రెండు ముక్కలు రాశాక గుండె కొంచెం తేలికైంది. ఆ సుఖం కూడా నాకే, ఆమెకు కాదు.