మా వీధికి సిమెంటు పడిన రోజు

ఈ గ్రూపులో అందరికీ ముందే చెబుతున్నాను, నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని... అక్షరాల్లో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. చేతిరాతైతే ఇంకా అధ్వాన్నం. ఫోన్ కాబట్టి బతికిపోయాను.

మా చిన్నప్పుడు హోసూరు దగ్గర మూకండపల్లిలో మాది మట్టివీధి... ఒకే రేకుల కప్పు కింద వరసగా ఎనిమిది గదులు, గదికో కుటుంబం. మగవాళ్ళంతా ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు పోయేవారు. మా నాన్న కూడా. మేము అంచెట్టి కొండల నుంచి వచ్చినవాళ్ళం. మిగతావాళ్ళు పెట్టెలూ బిందెలూ తెచ్చుకుంటే మా అమ్మ వాటితో పాటు ఒక ఆవును కూడా తెచ్చుకుంది. దాని పేరు చుక్కి.

గది ముందు, రోడ్డు అంచునే గుంజ పాతి కట్టేసింది. టౌన్‌లో ఆవేమిటని మొదట్లో అందరూ ముక్కు మూసుకున్నారు. కానీ మట్టి వాకిళ్ళు కదా... పొద్దున్నే కల్లాపి చల్లాలంటే పేడ కావాలి. పది రోజులు తిరక్కముందే ఆడవాళ్ళంతా పాత బకెట్లు పట్టుకుని మా ముందు నిలబడ్డారు. అమ్మ పాలు అమ్మేది కానీ పేడకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. మా వాళ్ళలో పేడ అమ్మరు. అడిగినవాళ్ళకు ఇవ్వాల్సిందే.

అందరికంటే ముందు వచ్చేది ఆ గదుల ఓనరు రత్నమ్మ.

"ఏమ్మా పార్వతమ్మా, మీ ఆవు ఇంగా లేయలేదా? లేపమ్మా, నాకు టైమవుతాది!"

"దానికీ షిఫ్టు పెట్టమంటావా ఏమక్కా?" అనేది అమ్మ.

అందరూ పగలబడి నవ్వేవారు... ఎవరింట్లో పిల్లకు జ్వరం, ఎవరి మొగుడికి ఏ షిఫ్టు, అన్నీ ఆ పావుగంటలోనే తెలిసిపోయేవి. ఊరు కాని ఊర్లో అమ్మకు అంతమంది తెలిసింది ఆ పేడ వల్లే. నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. అమ్మ కొంగు పట్టుకుని వినేదాన్ని.

నాకు పదకొండేళ్ళప్పుడు మా వీధికి సిమెంటు రోడ్డు వేయడానికి వచ్చారు. పిల్లలకు పండగే... అమ్మ గుంజ పీకి వెనక సందులో పాతింది. చుక్కి పొద్దున తనంతట తానే చెరువుగట్టుకు పోయి మేసి, మధ్యాహ్నానికి తనే ఇంటికి వచ్చేది. అందుకని ఆ రోజు అమ్మ నన్ను కాపలా పెట్టింది.

"వీధి మొదుట్లో నిలబడు. చుక్కి వస్తే యనక సందులోకి తోలుకో. యాడికీ పోవద్దు. తడి సిమెంటు తొక్కిందంటే ఈడ మనకు మర్యాద ఉండదు."

నిలబడ్డాను... కానీ వీధి అవతలి కొసన సిమెంటు కలిపే మిషను గిరగిరా తిరుగుతోంది. అలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి చూసి వద్దామని పరుగెత్తాను. చూస్తూ ఉండిపోయాను.

అరుపులు వినిపించి వెనక్కి తిరిగాను. చుక్కి తడి సిమెంటు మీద నడిచి వస్తోంది... తొందరేమీ లేదు దానికి. రోజూ వచ్చినట్టే వచ్చి, మా గది ముందు, పాత గుంజ ఉన్న చోట ఆగింది.

మేస్త్రి నవ్వేసి, "పోనీలేమ్మా, ఆవే కదా" అంటూ ఆ గిట్టల గుంటలన్నీ తాపీతో పూడ్చేశాడు. అంతటితో అయిపోవాల్సింది.

"పిల్లను కాపలా పెట్టినావు కదా, యాడికి పోయింది అది?" అని రత్నమ్మ అరిచింది.

అమ్మ నన్ను చూసింది... "పిల్లను నేనే నీళ్ళకు పంపినానక్కా. ఆవు సంగతి మర్సిపోయినాను. తప్పు నాదే."

"కొండలో ఉండాల్సినోళ్ళు కొండలోనే ఉండాల. ఇంగ మాకు పేడ కూడా అక్కర్లేదమ్మా, రోడ్డు పడిపోయె. దాన్ని యాడికన్నా పంపించు. లేదంటే గది ఖాళీ చెయ్."

రోడ్డు ఆరాక అందరూ వాకిట్లో బకెట్ నీళ్ళు గుమ్మరించి ముగ్గు పెట్టుకున్నారు. అమ్మ పేడతట్ట పక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు...

వారంలో మామ అంచెట్టి నుంచి టెంపో తెచ్చాడు. చుక్కి ఎక్కనంటే ఎక్కనంది. అమ్మ ముందు ఎక్కి పిలిచింది. అప్పుడు ఎక్కింది. అమ్మ దిగిపోయింది.

చుక్కి పోయాక అమ్మకు ఆ వీధిలో మనసు నిలవలేదు, ఆ ఏడే ఇంకో వీధికి మారిపోయాం. అక్కడ మూడంతస్తుల ఇళ్ళు, మెట్ల మీద ఎదురైతేనే మనుషులు. అమ్మ ఒక క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే పనికి పోయింది. ఇంటి పని నా మీద పడింది... బడి ఆగిపోయింది.

పెళ్ళయ్యాక ఇప్పుడు హోసూరు చివర కొత్త లేఅవుట్‌లో ఉన్నాను. తిన్నని వీధులు, ప్రతి ఇంటికీ గేటు, గేటు లోపల టైల్స్. రెండేళ్ళైంది. ఎదురింటామె పొద్దున్నే బెంగళూరు బస్సుకు పోతుంది. పేరు తెలియదు. ఊడ్చి, తుడిచి, వండి కూర్చుంటాను... ఆ పనికి ఇంత అలుపు రాకూడదు. అయినా సాయంత్రానికి ఒళ్ళంతా బరువెక్కిపోతుంది.

పోయిన నెల అమ్మ వచ్చింది. పొద్దున కాఫీ తాగుతూ గేటు దగ్గరే నిలబడింది.

"ఎవురి కోసం చూస్తాండావమ్మా?"

"ఎవురి కోసమూ కాదు... ఈ వీధిలో ఎవురూ ఎవురి వాకిటికీ రారా?"

ఇన్నేళ్ళూ లోపల దాచుకున్నది అడిగేశాను. "అమ్మా, ఆ పొద్దు నేను మిషను చూసేదానికి పోయినానని నీకు తెలుసు కదా. నా పేరు ఏల చెప్పలేదు?"

అమ్మ గ్లాసు కడగడానికి లోపలికి పోతూ అంది. "చెప్పింటే నువ్వు మళ్ళా ఆ వీధిలో ఎట్ల ఆడుకుంటావే?"

ఇప్పుడు మా వీధి నున్నగా, శుభ్రంగా ఉంటుంది... తప్పు చేసినా కసరడానికి కూడా ఎవరూ బయటికి రారు.

పొద్దున్నే మీ వాకిట్లోకి ఎవరు వచ్చేవాళ్ళో, ఏం అడిగేవాళ్ళో మీరూ రాయండి, చదువుకుంటాను. నా ఈ రాత మాత్రం ఎవరికీ పంపకండి, అమ్మ ఇన్నాళ్ళూ దాచిన నా తప్పు ఇందులో ఉంది... చదవడం అయిపోతే మీ ఫోన్‌లోంచి తీసేయండి.