ఇసుక మార్చని ఫిల్టరు

డెబ్బైల చివర్లో నేను నర్సీపట్నంలో హైస్కూలు సైన్సు మేస్టారిని. మంచినీళ్ళు వడకట్టే పాఠం ఏటా నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ చెప్పేవాణ్ణి. ఒకదాని మీద ఒకటి మూడు కుండలు: పైదాంట్లో ఇసుక, నడిమిదాంట్లో బొగ్గు, కిందిదాంట్లో తేటనీరు. ఆ బొమ్మ నాకంటే బాగా వేసేవాడు చుట్టుపక్కల లేడని నాకో పొగరు. చెప్పడమే గానీ, ఇంట్లో ఒక్కసారి కట్టి చూసిన పాపాన పోలేదు.

ఒక వానాకాలం మా ఆవిడ కాలి మీద కత్తిపీట పడింది. తెగినచోట చీము పట్టి పాదం బూరెలా పొంగింది. డాక్టరుగారు మందులు రాసి, పొద్దునా సాయంత్రమూ అరగంటసేపు గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాలు పెట్టుకుని కూర్చోమన్నారు. "నీళ్ళు శుభ్రంగా ఉండాలి. మరిగించి చల్లార్చి వాడండి" అన్నారు. మా నూతినీళ్ళేమో వానలకి ఎర్రమన్ను కలిసి టీ రంగులో ఉండేవి.

అప్పటికే బజారులో తెల్లటి పింగాణీ క్యాండిళ్ళు బిగించిన స్టీలు ఫిల్టర్లు అమ్ముతున్నారు. పక్కింటివాళ్ళు కొన్నారని మా ఆవిడ మెల్లగా చెప్పింది. "నేను పాఠం చెప్పే వస్తువుని నేనే కొనుక్కోవాలా?" అని కసిరాను. సైకిలేసుకుని బలిఘట్టం వెళ్ళి, శివాలయం పక్కనున్న ఏట్లోంచి సంచినిండా ఇసుక తెచ్చాను. కుండలకి చిల్లులు పెట్టి, మూతికి పాత నూలు చీరముక్క కట్టాను. రెండోరోజుకి నీళ్ళు తేటగా దిగాయి. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు.

"ఇంత తేటనీళ్ళు మరిగించడం దేనికి? కట్టెలు దండగ. కాస్త వెచ్చబెడితే చాలు" అని తీర్పు చెప్పేశాను. మా ఆవిడ గంగాళంలో కాలు పెట్టుకుని నావైపు చూసి నవ్వింది. వారంలో వాపు సగం తీసింది.

వారానికోసారి ఇసుక మార్చాలని నా పాఠంలోనే ఉంది. పాత ఇసుక పెరటి కాలువలో పారబోయబోతుంటే మా అమ్మ అడ్డొచ్చింది.

"ఏట్రా ఆ పని! శివుడి కాడ్నించి తెచ్చిన ఇసక ఎంగిలి గిన్నెలు కడిగే కాలవలో పోస్తావేటి? తిరిగి ఏట్లోనే కలిపేసి రా."

ఆదివారం వెళ్తానన్నాను. ఆదివారం వాన. ఆ పైవారం పరీక్ష పేపర్లు. అమ్మ మాట కాదనే ధైర్యమూ లేదు, సంచి మోసుకెళ్ళే ఓపికా లేదు. ఇసుక కుండలోనే ఉండిపోయింది.

ఒకరోజు మా ఆవిడ, "ఏవండీ, నీళ్ళు అదోలాగ వాసనొస్తన్నాయి. ఇసక మార్సాలేటో" అంది.

"మేస్టారిని నేనా, నువ్వా?" అన్నాను. కంటికి నీళ్ళు తేటగానే ఉన్నాయి మరి. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాలుగోవారానికి పుండు రేగింది, జ్వరం తగిలింది. డాక్టరుగారు ఇంటికే వచ్చారు. కట్టు విప్పి చూసి, ఇంకా ముదిరితే వేలు తీసెయ్యాల్సి వస్తుందన్నారు. ఏ నీళ్ళు వాడుతున్నారని అడిగి, పై కుండలో చెయ్యి పెట్టి గుప్పెడు ఇసుక తీశారు. నల్లగా జిగటగా ఉంది. ఇల్లంతా మురుగు కంపు.

"ఇది ఎప్పుడు మార్చారు?"

మంచం మీంచి మా ఆవిడ అంది: "నానే మరిసిపోనానండి. ఆయన సెప్తానే ఉన్నారు."

"చదువు చెప్పే మేస్టారి ఇంట్లో ఉండి ఇదేం మొద్దుతనమమ్మా!" అని ఆయన ఆమెని చెడామడా తిట్టారు. తప్పు నాదండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను తలొంచుకుని నేల చూస్తూ నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా నోరు విప్పలేదు.

చిటికెనవేలు దక్కలేదు.

ఎనభైల్లో స్టీలు ఫిల్టరు కొన్నాను. ప్రతి ఆదివారం క్యాండిళ్ళు విప్పి, పీచుతో రుద్ది, మరిగే నీళ్ళలో వేస్తాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను. మేస్టారికి ఎంత శుభ్రమో అని పక్కింటివాళ్ళు మెచ్చుకుంటే చిరాకొస్తుంది. అలాంటి ఒక ఆదివారం, ఇన్నేళ్ళూ దాచుకున్న ప్రశ్న అడిగేశాను: "ఆరోజు డాక్టరుగారితో అలా ఎందుకన్నావు?"

నాలుగు వేళ్ళ పాదం ముందుకి చాపుకుని బియ్యం ఏరుతోంది. చేట మీంచి తలెత్తలేదు.

"మరేటంటానండి? ఊళ్ళో పిల్లలందరికీ ఆ పాఠం సెప్పేది మీరే కదా. మీకు తెలీదని నా నోటితో ఎలాగంటాను?"