బ్యాంకు సారు బండికి నేను రాసిన సున్నా

నా చిన్నప్పుడు, కరోనా వచ్చిన మొదటి వేసవిలో, సూరత్‌లోని మా ఒంటిగది ఇళ్ల వరుస, చాల్, ముందు నుంచి ఒక కారు బయల్దేరింది. అందులో ఉన్నవాళ్లం నలుగురం. స్టీరింగు దగ్గర మా పెద్దబాపు, అంటే మా బాపు వాళ్ల అన్న. వెనక సీట్లో ఎనిమిదో నెల గర్భంతో పక్కింటి అక్క. ఆమె పక్కన వాళ్ల అత్తమ్మ. ముందు సీట్లో పదమూడేళ్ల నేను. సామాన్లు ఇవి: రెండు సంచుల బట్టలు, మూడు పెద్ద సీసాల నీళ్లు, ఒక డబ్బాలో పులిహోర, మరో డబ్బాలో సకినాలు, డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ, కలెక్టరు ఆఫీసు నుంచి వచ్చిన ప్రయాణపు పాసు. పాసు మీద నాలుగు పేర్లు, ఒక కారు నంబరు ఉన్నాయి. అక్కడ ఏ నంబరు పడాలో ఎంచింది నేనే.

అక్క భర్త హోలీకి ముందు కరీంనగర్ దగ్గరి ఊరికి వెళ్లి అక్కడే చిక్కుపడ్డాడు. అక్క ఇన్నాళ్లూ చూపించుకున్న ఆసుపత్రిని కరోనా వార్డు చేసేశారు. డాక్టరమ్మ ఆమెను పరీక్షించి, ఈ వారంలోగా అయితే ప్రయాణానికి పరవాలేదని, అది దాటితే ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉండాలని చెప్పింది. అక్కడే ఉండాలంటే ఎక్కడ కాన్పు చేయించాలో ఎవరికీ తెలియదు. అందుకని కరీంనగర్ వైపే ఉన్న పుట్టింటికి చేర్చాలని పాసు అడిగితే, వచ్చింది. కానీ బయల్దేరిన రోజే సాయంత్రం నాలుగింటికల్లా రాష్ట్రం సరిహద్దు దాటాలని దాని మీద రాసి ఉంది. మా బాపు, అమ్మ నన్ను కూడా అదే బండిలో మా నానమ్మ దగ్గరికి పంపించేయాలనుకున్నారు.

మాకు అందుబాటులో ఉన్న బండ్లు రెండు. ఒకటి పెద్దబాపుది. ఆయన సాంచాల కార్ఖానాలో మేస్త్రీ. సాంచ అంటే మా వాళ్ల భాషలో కరెంటు మగ్గం. ముప్పై ఏళ్లు వాటి మోత మధ్య పనిచేసి చెవులు చాలావరకు పోగొట్టుకున్నాడు. ఆయన బండి నాకంటే వయసులో పెద్దది. చాల్‌లో అందరూ దాన్ని నెట్టుడు బండి అనేవారు. ఒకసారి దగ్గర్లోని కిమ్ అనే ఊరి దాకా వెళ్లి రావడానికి అది నాలుగుసార్లు ఆగింది. పెద్దబాపు దాన్ని ఎన్నడూ తిట్టలేదు. ఆగిన ప్రతిసారీ దిగి, దాని మీద అరచెయ్యి పెట్టి, కాసేపు కళ్లు మూసుకునేవాడు. చెవులతో వినలేనిది చేత్తో వినేవాడన్న మాట.

రెండోది రోడ్డుకు అవతలి అపార్టుమెంట్లో ఉండే బ్యాంకు సారుది. ఆయనది కోస్తా వైపు ఊరు. వాళ్ల నాన్నగారి కాలం నుంచి వాళ్లింట్లో ఒకే కంపెనీ కార్లు. ఇది మూడోది. ఆ కంపెనీ బండి కొన్నవాడికి మెకానిక్ ఫోన్ నంబరుతో పని లేదని అనేవారు. ఆయన మాట మీద బ్యాంకులో మరో నలుగురు అదే కంపెనీ బండ్లు కొన్నారు. అక్క సంగతి తెలియగానే తాళం చెవులు తెచ్చి మా బాపు చేతిలో పెట్టి, "మీరు వెళ్లి రండి, నాకు ఇప్పట్లో బండి అవసరం లేదు" అన్నారు. అంత మంచి మనిషి.

పాసు ఫారం ఫోన్లో నింపే పని నాదే, ఎందుకంటే చాల్‌లో ఆ పని చేతనైనవాణ్ణి నేనే. ఏ బండి నంబరు రాయాలని అడిగితే పెద్దబాపు, "నువ్వే చూసి చెప్పురా, లెక్కలు చేస్తవు గదా" అన్నాడు. నాకు అప్పటికే పట్టికలు గీసే అలవాటు ఉంది. నోటుబుక్కులో రెండు నిలువు గీతలు కొట్టాను. వయసు, తిరిగిన కిలోమీటర్లు, టైర్ల స్థితి, చివరి వరుసలో లోపాలు. పెద్దబాపు తన బండి లోపాలు ఒక్కొక్కటే చెబుతుంటే రాసుకున్నాను. పదిహేడు వచ్చాయి. సిగ్గు లేకుండా, పిల్లల అల్లరి చెప్పుకున్నట్టు చెప్పాడు. బ్యాంకు సారు బండి ఎదురుగా సున్నా వేశాను.

పెద్దబాపు పట్టిక చూసి ఒక్కటే అడిగాడు. "బ్యాంకు సారును అడిగి రాసినవా?"

"ఆఁ" అన్నాను.

అడగలేదు. ఉచితంగా బండి ఇచ్చిన పెద్దమనిషి ముందు నిలబడి మీ బండికి ఏం రోగాలున్నాయని ఎలా అడుగుతాం? పైగా ఆ కంపెనీ బండి. అడగాల్సిన అవసరమే లేదని నిజంగా నమ్మాను. పాసు మీద ఆ నంబరే పడింది.

అలా బయల్దేరాం. ఏసీ వేస్తే కరోనా పాకుతుందని అప్పట్లో అందరూ అనుకునేవారు కాబట్టి నాలుగు అద్దాలూ దించేశాం. ఊరు దాటేదాకా బండి పూలరథంలా నడిచింది. కడోదరా దగ్గర హైవే మీద పోలీసులు పాసులు చూస్తున్నారు. ముందు లారీలు, ఊళ్లకు వెళ్లే కార్లు బారులు తీరి ఉన్నాయి. ఎండ మండిపోతోంది. అంగుళం అంగుళం జరుగుతుంటే నేను మీటర్ల వైపు చూశాను. వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీద ఉంది. చెప్పేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

"గాడీ సైడ్ మే లో!" అని పోలీసు అరిచాడు. పెద్దబాపు బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపాడు. మూసి ఉన్న ఒక చీరల దుకాణం అరుగు మీద కొంచెం నీడ ఉంటే అక్కను అక్కడ కూర్చోబెట్టాం. టైము పదకొండున్నర. వాళ్ల అత్తమ్మ నా వైపు చూసి, "చదువుకున్నోడు ఎంచిన బండి! ఆ నెట్టుడు బండి అయితే నెట్టుకుంటనన్న పోదుము" అంది. అక్క కడుపు మీద చెయ్యి వేసుకుని, "వాన్ని అనకు అత్తమ్మా, జర నీళ్లియ్యి" అంది.

అర కిలోమీటరు మేర ఉన్న మెకానిక్ షెడ్లన్నీ మూసి ఉన్నాయి. కంపెనీ సహాయం నంబరుకు ఫోన్ చేస్తే పాట మోగుతూనే ఉంది. పెద్దబాపు తొందరపడలేదు. ఆవిరి తగ్గేదాకా ఆగి బానెట్ ఎత్తాడు. నన్ను తాళం తిప్పి ఒక్క నిమిషం ఇంజన్ నడపమన్నాడు. రేడియేటర్ ముందు అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఆపమని సైగ చేశాడు.

"గాలి తగుల్తలేదు. వణుకుడు లేదు. పంక తిరుగుతలేదు బిడ్డా. నా బండిల పంక ఇంజన్‌తోటే తిరుగుతది. ఇది కరెంటు పంక. దీని సంగతి నాకు తెల్వది, బండి మనిషికే తెల్వాలె." నా వైపు తిరిగి, "సారు నీతోని ఏమన్నడు, నువ్వు అడిగిననాడు?" అన్నాడు.

నా కాళ్ల కింద రోడ్డు కాలుతోంది. "నేను అడగలేదు పెద్దబాపూ" అన్నాను.

కొడతాడనుకున్నాను. కనీసం అత్తమ్మ వినేలా తిడతాడనుకున్నాను. ఆయన బానెట్ మీద చెయ్యి తీసి నా భుజం మీద వేశాడు. వేడిగా ఉంది.

"అడిగి లేదంటే సున్నా. అడగకుంటే ఖాళీ. నువ్వు ఖాళీ పెట్టాల్సిన కాడ సున్నా పెట్టినవ్, గంతే. దిద్దుకుందాం తియ్యి" అన్నాడు.

దిద్దుకోవడమంటే ఆయన దృష్టిలో ఏమిటో అర్థం కావాలంటే సాంచాల దగ్గరి పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ పాళీ మారేటప్పుడు, అంటే పగటి పనివాడు దిగి రాత్రి పనివాడు ఎక్కేటప్పుడు, దిగేవాడు తన మగ్గాల రోగాలు పైకి చెప్పి వెళ్లాలి. మూడో నంబరు ఎడమ పక్క దారం తెంపుతోంది, ఐదో నంబరు బెల్టు జారుతోంది, ఇలా. చెప్పింది తర్వాతివాడి బాధ్యత. చెప్పకుండా వెళ్తే, ఆ రాత్రి చెడిన బట్ట అంతా వెళ్లినవాడి పేరు మీదే పడుతుంది. అందుకని పెద్దబాపు దృష్టిలో రోగం చెప్పడం పరువు తక్కువ పని కాదు, పని అప్పజెప్పడంలో ఒక భాగం.

కానీ బ్యాంకు సారు సాంచాల మీద పనిచేసినవారు కాదు. పెద్దబాపుకు ఆ సంగతి తెలుసు. ఆయన ఫోన్లో ఎలా మాట్లాడాడో చూసినందుకే ఆ రోజు నాకింతగా గుర్తుంది.

వినబడదు కాబట్టి స్పీకర్ పెట్టాడు. "సారూ, కడోదర కాడ ఆగినం" అన్నాడు.

"ఆగడమేంటండీ? ఎలా నడిపారు? నా చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదే!" బ్యాంకు సారు గొంతు పెరిగింది.

మీ బండికి ఏం రోగముందని పెద్దబాపు అడగలేదు. "ఆగుతయ్ సారూ, బండ్లన్నంక. నా బండి సంగతి మీకు తెల్వది గదా, చెప్త వినుండ్రి. వానవడితే ఎడమ అద్దం దిగదు. డ్రైవర్ తలుపు బయటికెల్లే తీయాలె, లోపటున్నోడు దొంగలెక్క కిటికీల నుంచి చెయ్యి పెట్టాలె. హారన్ కొడితే వైపర్ కదుల్తది. రివర్స్ గేరు దానికి మనసైతెనే పడ్తది. మొన్న మా తమ్ముని భార్య కూసుంటే సీటు ఎనుకకు పోయింది, ఆమె ఆసుమానం చూసింది..."

ఫోన్లో బ్యాంకు సారు నవ్వడం వినిపించింది. పెద్దబాపు ఆపలేదు. ఎనిమిది, తొమ్మిది, పది. ఒక్కొక్కటే, ఏ తొందరా లేనట్టు. పాసు గడువు తీరేలోగా మాకున్నది నాలుగు గంటలు. నేను చేతులు నలుపుకుంటున్నాను. పన్నెండో రోగం దగ్గర అవతల నవ్వు ఆగిపోయింది.

"మేస్త్రీ గారూ" అన్నారు సారు. ఈసారి గొంతు తగ్గింది. "ఒక్క విషయం. ఆ ఫ్యాన్ దానంతటది తిరగదండీ. ఏడాది నుంచి. ఏసీ వేస్తే మాత్రం తిరుగుతుంది. సర్వీసు కుర్రాడు చెప్పాడు, స్విచ్చేదో మార్చాలని. మేం ఎప్పుడూ ఏసీలోనే తిరుగుతాం కదా అని వదిలేశాను. ఎవరికీ చెప్పలేదు... మీకైనా చెప్పాల్సింది. ఆ అమ్మాయి ఎలా ఉంది?"

"మంచిగున్నది సారూ. చెప్పినరు గదా, ఇగ బండి మాది" అన్నాడు పెద్దబాపు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, సీసా నుంచి నీళ్లు నింపాడు. బండి స్టార్టు చేసి ఏసీ వేశాడు. బానెట్ లోపల పంక గిర్రున తిరిగింది. ఆయన అరచెయ్యి పెట్టి చూసి, నా చేతిని కూడా అక్కడే పెట్టించాడు. సన్నని వణుకు నా మోచేతి దాకా ఎక్కింది. ముల్లు మధ్య దాకా వచ్చి అక్కడే నిలిచింది.

కరోనా భయానికి అద్దాలు మాత్రం మూయలేదు. "ఏసీ ఏసి కిటికీలు తెరుసుడేందిర? గీ కడోదర మొత్తం సల్లగ జేస్తవా?" అంది అత్తమ్మ. అక్క అప్పుడే మొదటిసారి నవ్వింది. సరిహద్దు దాటేసరికి మూడు గంటల పది నిమిషాలు. ప్రతి చెక్‌పోస్టు దగ్గరా బారులో నిలబడ్డాం, బండి ఎక్కడా వేడెక్కలేదు. మర్నాడు పొద్దున్నే అక్కను వాళ్లమ్మ చేతికి అప్పగించాం. పద్దెనిమిది రోజులకు ఆడపిల్ల పుట్టింది.

పెద్దబాపు సూరత్ తిరిగి వచ్చి బండి అప్పజెప్పేటప్పుడు, దారిలో తాను గమనించినవి మరో రెండు చిన్న లోపాలు బ్యాంకు సారుకు చెప్పాడట. సారు కాగితం తెచ్చుకుని రాసుకున్నారట. ఆ వారమే స్విచ్చు మార్పించారు. కంపెనీ మీద ఆయనకు అభిమానం మాత్రం తగ్గలేదు. తర్వాత కొన్న బండి కూడా అదే కంపెనీది. కాకపోతే ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే, "కళ్లు మూసుకుని కొనండి" అనే పాత మాటకు "ఫ్యాన్ ఒకసారి చూసుకోండి" అని కలుపుతారు. తన మాట మీద బండ్లు కొన్న ఆ నలుగురికీ ఫోన్ చేసి చెప్పారని కూడా విన్నాను. అది చిన్న పని కాదు. ఇష్టపడి పొగిడిన దాని లోపాన్ని, తన నోట పొగడ్త విన్నవాళ్లకే చెప్పడానికి ఎంత మనసు కావాలో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

నేను ఆటోమొబైల్ డిప్లొమా చదివి, పాత కార్లు కొనేవాళ్ల తరఫున వాటిని పరీక్షించే పని చేస్తున్నాను. నా ఫారంలో లోపాల వరుస ఉంటుంది. యజమానిని అడిగి, నేను స్వయంగా చూసి, ఏమీ లేదని తేలితేనే అక్కడ సున్నా వేస్తాను. లేకపోతే ఖాళీగా వదిలేస్తాను. ఖాళీలు ఎక్కువున్నాయని ఆఫీసులో విసుక్కుంటారు. అయినా మార్చను.

అడగడం మాత్రం పెద్దబాపులా ఇంకా పూర్తిగా చేతకాలేదు. ప్రయత్నిస్తున్నాను. పోయిన ఆదివారం ఒక టీచరు గారు అమ్మకానికి పెట్టిన కారు చూడటానికి వెళ్లాను. పదకొండేళ్ల బండి, అద్దంలా తుడిచి పెట్టుకున్నారు. "దీనికి ఏ లోపమూ లేదు బాబూ" అన్నారు. నేను ఫారం మూసి పక్కన పెట్టి, నా మోటారుసైకిలు సంగతులు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన నవ్వారు. టీ తెప్పించారు. సగం టీ అయ్యాక బండి వైపు చూస్తూ, తను కూడా చెప్పడం మొదలుపెట్టారు.

ఆరు చెప్పారు.