టీచరమ్మ తిరిగిచ్చిన సీసా

ఇది ఎవరికీ చెప్పలేదు. మాదాపూర్‌లోని మా చర్చిలో కోత పండుగ వేలం జరిగిన రోజు, నేను చేసిన గోంగూర పచ్చడి సీసాను ఎవరూ పాడకూడదని ప్రార్థించాను. అమ్ముడైతే నన్ను అందరి ముందుకు పిలుస్తారని భయం. కానీ చర్చి ఊడ్చే ఆమెకు లింగంపల్లిలో మేమంతా కలిసి కడుతున్న ఇంటికి వానల్లోపు స్లాబు పడాలి. ఆ డబ్బు కోసమే వేలం.

ముందు వరుసలో కూర్చునే టీచరమ్మ, తాను పాడుకున్నది ఏదీ ఇంటికి తీసుకెళ్లేవారు కాదు. గుమ్మడికాయైనా, కోడైనా డబ్బు కట్టేసి, "జర మళ్ల వేలం పెట్టుండ్రి" అని తిరిగిచ్చేసేవారు. నా సీసానూ అలాగే చేశారు. రెండోసారి వేలంలో మా చర్చికొచ్చే ఐటీ కుర్రాళ్లు పోటీపడ్డారు. నన్ను పిలిచినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డారు.

వానలకు ముందే స్లాబు పడింది. వరంగల్‌కు మకాం మారుస్తూ ఆమె నాతో చివరగా అన్నారు:

"వచ్చేటప్పుడు ఒక సీసా పట్టుకరా బిడ్డా. గంత పాట పాడిన గని, ఒక్క ముద్దన్న తినలే!"