తెల్లతువ్వాల, పెద్ద నత్తగుల్ల

కాలువ క్యాంపులో రేకుల గుడిసె దొరకగానే గుర్వమ్మ వెనక గోడ పక్కన సొరగింజ పెట్టింది. పెళ్లయిన నాటినుంచి ఆమె నాటిన ఏ తీగా ఆమె చేతికి కాయ ఇవ్వలేదు. సరిగ్గా పూత పట్టే వేళకు మొగుడు ఐలేశం పనిముట్ల సంచి సైకిలుకు కట్టేవాడు. గిన్నెల మూట ఒళ్లో పెట్టుకుని ఆమె వెనక ఎక్కేది.

ఐలేశం మేళ్లచెరువు పక్క కమ్మరివాళ్ల బిడ్డ. మన తెలంగాణ ఉక్కు డమాస్కస్ కత్తులదాకా పోయిందని పుస్తకాల్లో రాశారు. ఆ ఉక్కు తీసినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాయలేదు. ఐలేశం తాతలు చేసింది నాగలి కర్రులూ కొడవళ్లే అనుకోండి. అయినా నిప్పులో ఇనుము రంగు చూసి అది ఎప్పుడు వంగుతుందో చెప్పగలిగేవాళ్లు. బావుల మీదికి ఆయిలింజన్లు రావడంతో ఐలేశం కొలిమి విడిచి, సూర్యాపేటలో ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చి, ఊరూరా తిరగసాగాడు.

ఆ ఊళ్లలో ఒక అలవాటుండేది. ఇంజను బాగైందో లేదో తేల్చుకోవడానికి రైతు తన తెల్లతువ్వాల తీసి పొగగొట్టం ముందు పట్టేవాడు. తెల్లగానే ఉంటే మేస్త్రీకి కల్లు. నల్లబడితే ఇంజను మళ్లీ విప్పాల్సిందే. ఐలేశం చేతికింద తువ్వాల మాసిన రోజు లేదు. కల్లుకు కొదవా లేదు.

అరవైల మొదట్లో, సాగర్ ఎడమకాలువ తవ్వుతున్నప్పుడు, ఒక గుత్తేదారు దగ్గర అతనికి పని దొరికింది. అక్కడి పెద్ద బుల్డోజరుకు టర్బో పాడైంది. ఇంజను విడిచే పొగ విసురుకు గిర్రున తిరిగి, లోపలికి గాలిని బలంగా నెట్టే చక్రం అది. దాని ఆకారం చూసి క్యాంపంతా నత్తగుల్ల అనేవారు. సరైనది ఎక్కడా దొరకక, తుక్కులో పడి ఉన్న ఓ డంపరు నుంచి అంతకన్నా పెద్ద నత్తగుల్లను తెచ్చి బిగించారు. ఇక డీజిలు పంపును దానికి తగ్గట్టు దిద్దాలి.

ఫోర్‌మన్ రఘుపతి మంచివాడే కానీ మొహమాటం ఎరగడు. "ఐలేశం, గీ బండి మట్టి నూకుకుంట గా కాలువ గట్టెక్కిందంటె పంపులు బాగుజేసే గది నీదే, ఈడనే ఉండు. ఎక్కకుంటె పట్నంకెల్లి మనిషిని పిలిపిస్త. నాకు వేరే తొవ్వ లేదు" అన్నాడు.

ఆ మాట విని గుర్వమ్మ తీగకు ఇంకో చెంబు నీళ్లు పోసింది.

మర్నాడు పొద్దున ఐలేశం పంపు పక్కనున్న స్క్రూ మరను తిప్పి, డీజిలు ఎంత పోవాలో దిద్దాడు. అలవాటు ప్రకారం పొగగొట్టం ముందు తువ్వాల పట్టాడు. మల్లెపువ్వులా ఉంది. మురిసిపోయి డ్రైవరు ఏసోబుకు చెయ్యి ఊపాడు. బుల్డోజరు మట్టిని నెడుతూ గట్టు సగం ఎక్కి, మూలిగి, ఆగిపోయింది.

ఏసోబు పైనుంచే అందుకున్నాడు. "ఏందే ఐలేశన్నా! పెండ్లికొడుకు లెక్క తెల్లగ తయారుచేసినవ్. పని చెప్తే అత్తగారింట్ల అల్లుని తీరు కూసుంది!"

"పొగైతే లేదు గద!"

"పొగా లేదు, జోరూ లేదు."

ఐలేశం గొట్టాలన్నీ విప్పి చూశాడు. ఎక్కడా లోపం లేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి జొన్నగటక ముందర కూర్చున్నాడు. గుర్వమ్మ ఎదురుగా చతికిలబడింది.

"ఏమయ్యా, మామ కొలిమికి పెద్ద తిత్తి కుట్టిచ్చిన నాడు యాదికున్నదా? గుంజింది నేనే గద. రెక్కలు పడిపోయినా ఇనుము ఎర్రగ కాలే. ఎందుకంటె మామ పాత లెక్కనే పిడికెడు బొగ్గేస్తుండె. దోసిళ్లతోని పోసినంక పొగ లేసింది సూడు, దగ్గి దగ్గి సచ్చిన. గప్పుడు గద అంటుకున్నది!"

ఐలేశం ఎత్తిన ముద్ద మళ్లీ పళ్లెంలో పెట్టాడు. పెద్ద నత్తగుల్ల బరువైంది. అది తిరగాలంటే ముందు మంట బలంగా ఉండాలి. పొగ రాకూడదని తాను డీజిలు బిగబట్టి మంటనే పస్తులుంచాడు. మంట లేక చక్రం తిరగలేదు, చక్రం తిరగక గాలి రాలేదు.

వెంటనే పోయి మరను డీజిలు పెరిగేవైపు తిప్పాడు, ఆత్రంలో కాస్త ఎక్కువే తిప్పాడు. పొగ మబ్బులా కమ్మి ఎంతకీ విడవలేదు.

"వానొస్తాంది, బట్టలు తీసుకోన్రి!" అని ఏసోబు కేక.

ఐలేశం పొగను చూడలేదు, గొట్టం మొదలును చూశాడు. ఇనుము ఎరుపెక్కుతోంది. ఆ ఎరుపు అతనికి పుట్టినప్పటినుంచీ తెలుసు. ఇంకాసేపైతే నత్తగుల్ల కరుగుతుంది. ఇంజను ఆపించి, చల్లారనిచ్చి, మరను కొంచెం వెనక్కి తెచ్చాడు.

ఈసారి మట్టి బరువు పడగానే గుప్పున నల్లటి పొగ లేచింది. చెయ్యి ఊరుకోదు కదా, తువ్వాల అప్పటికే గొట్టం ముందుంది. ఆ తర్వాత నత్తగుల్లలోంచి సన్నటి ఈల మొదలై పెరిగింది. ఈల పెరిగేకొద్దీ పొగ పలచబడింది. బుల్డోజరు మట్టిగుట్టతో సహా గట్టు మీదికి పోయి నిలిచింది. రఘుపతి జేబులోంచి గది తాళంచెవి తీసి ఐలేశం చేతిలో పెట్టాడు.

ఇంటికి రాగానే గుర్వమ్మ అతని భుజం మీది నల్లటి తువ్వాల చూసింది. గోడబల్ల మీంచి గిన్నెలు దించసాగింది.

"గవెందుకు దించుతున్నవే?"

"తువ్వాల చూస్తున్న గద."

ఐలేశం పడీపడీ నవ్వాడు. "గిది నల్లబడకుంటె బండి గట్టెక్కకపోతుండె, పిచ్చిదానా! గిన్నెలు యాడియి ఆడ పెట్టు. గడ్డపార యాడుంది?"

"ఎందుకు?"

"తీగ రేకుల మీదికి పోతే కాయలు మాడిపోతయి. పందిరెయ్యాలె."

పొద్దుండగానే గుంజలకు గుంతలు తీయడం మొదలుపెట్టాడు. గుర్వమ్మ గిన్నె చేతిలో పట్టుకునే బయటికొచ్చి, "జర ఎడంగ తవ్వయ్యా, ఏర్లు తెగుతయి!" అని కసిరింది.

అతను ఎడంగా జరిగాడు.