అక్కాయ్

సరిహద్దు పటాల ఆఫీసులో రికార్డులు చూసే ఆవిడను అందరూ 'తాళాలమ్మ' అనేవారు. బీరువాకు తాళం వేశాక రెండుసార్లు లాగి చూసేది. మెయిల్ వస్తే, పంపినవాళ్లకు ఫోన్ చేసి "మీరేనా పంపింది?" అని అడిగాకే తెరిచేది. చాదస్తమని వెనకాల నవ్వుకునేవారు. అంత జాగ్రత్త మనిషి కంప్యూటర్లోనే దొంగ దొరికింది. తాను ఏమీ ఎత్తుకుపోకుండా, పరాయి ప్రభుత్వపు గూఢచారులకు లోపలినుంచి గడియ తీసి, ఎనిమిది నెలలుగా చడీచప్పుడు లేకుండా కూర్చున్న చిన్న ప్రోగ్రాం అది. పటాలన్నీ వాళ్ల పాలయ్యాయి. అది ఏ దారిన వచ్చిందా అని వెతికితే, తొమ్మిదేళ్లుగా మాటల్లేని తమ్ముడి పేరుతో ఫోటోలు జతచేసిన మెయిలొకటి బయటపడింది. "అక్కా, ఇంకా నామీద కోపమేనా?" అని ఉంది అందులో.

"దీనికి మాత్రం ఫోన్ చెయ్యలేదేం మేడమ్?" అని అడిగాడు తనిఖీకి వచ్చిన అధికారి.

ఆవిడ ఒళ్లోని గుత్తిలో ఒక్కో తాళంచెవినీ తడుముతూ కూర్చుంది.

"చేస్తే పెట్టేస్తాడేమోనని భయమేసింది బాబూ. అనుమానం రాకపోలేదు. వాడెప్పుడూ 'అక్కాయ్' అనేవాడు. పెద్దవాడయ్యాడులే, పిలుపు మారిందిలే అనుకున్నా."

అతను అది రాసుకున్నాడు. ఆవిడ నెమ్మదిగా అంది:

"అయితే, 'కోపం లేదురా, ఒకసారి వచ్చిపో' అని నేను రాసింది వాడికి చేరలేదన్నమాట."