కళ్ళం మీద మేడ నీడ

మా ముత్తాతగారు ఈ ఊరికి మునసబు. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలో ఆయన బండి ఎదురైతే మిగతా బండ్లు పక్కకి దిగి ఆగేవి. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, ఊళ్ళో మొదటి రైసు మిల్లు పెట్టారు. బాపట్ల నుంచి వచ్చే అధికారులు భోజనానికి మా ఇంటికే వచ్చేవారు. మా నాన్నగారు మిల్లునీ పొలాన్నీ నిలబెట్టుకోలేకపోయారు, కానీ చివరిదాకా ఇస్త్రీ మడత నలగని చొక్కాతోనే వీధిలోకి వెళ్ళారు. ఆయనకి నేనొక్కదాన్నే. యాభై దాటినా ఈ ఊళ్ళో నేను ఇంకా అమ్మాయిగారినే. ఆ పిలుపు నాకు ఇష్టమే.

పొలం, మిల్లు యంత్రాలు పోయాక నాకు రెండే మిగిలాయి. తాతగారు కట్టించిన మేడ, దాని ముందు మిల్లు ధాన్యం ఎండబెట్టడానికి పోయించిన పెద్ద సిమెంటు కళ్ళం. మేడ కళ్ళానికి దక్షిణాన ఉంది. పై వరండాలో కూర్చుంటే ధాన్యమంతా కనపడాలని తాతగారు అక్కడ కట్టించారు. కోతల కాలంలో పొద్దు దక్షిణానికి వాలి ఉంటుంది కాబట్టి, మేడ నీడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కళ్ళంలో మూడో వంతు మీద పడే ఉంటుంది. తాతగారి కాలంలో మా ధాన్యం నడుమ, ఎండలో. కౌలుదార్ల ధాన్యం మేడ వారన, నీడలో. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేని ఏర్పాటు అది.

ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి. రోజుల తరబడి సాగే కోత ఒక పూటలో అయిపోతోంది. ఊరి ధాన్యమంతా పచ్చిగా, ఒక్కసారిగా రోడ్డెక్కుతోంది. ఎండబెట్టుకునే చోటున్నవాడు ఆగి మంచి ధరకి అమ్ముకుంటాడు. లేనివాడు చేలోనే, వ్యాపారి అన్న ధరకి, తేమ పేరు చెప్పి అందులోనూ కోస్తే ఒప్పుకుని, ఇచ్చేస్తాడు. మన ప్రాంతం ముందుకి పోతోందని సభల్లో చెబుతుంటారు. నిజమే, పోతోంది. ఎవరు పోతున్నారో, ఎవరు రోడ్డు వారన చీపురుతో గింజలు పోగుచేసుకుంటున్నారో నా పై వరండాలోంచి కనపడేది.

అందుకని కళ్ళాన్ని ఊరందరికీ తెరిచాను. బస్తాకి ఇంతని కొద్దిగా తీసుకుంటాను. ఊరికే ఇవ్వడం తాతగారికి చెల్లింది, నాకు కరెంటు బిల్లు ఉంది.

ముందు వచ్చినవాళ్ళకి ముందు అన్నాను మొదటి ఏడు. తెల్లవారేసరికి ట్రాక్టర్లున్నవాళ్ళు ఎండ పడే చోటంతా నింపేశారు. ఎకరంన్నర కౌలుకి చేసుకునే ఒకావిడ అద్దె ఆటోలో బస్తాలు వేసుకొచ్చేసరికి మేడ నీడే మిగిలింది. ఆమె ధాన్యం ఆరలేదు. మబ్బు పట్టగానే భయపడి పచ్చిదే అమ్ముకుంది. మరుసటి ఏడు నా గేటు దాటి వెళ్ళి రోడ్డు మీదే పోసుకుంది. నేనే వెళ్ళాను.

“లోపలికి రాలేదేం?”

“మీ మేడ నీడన మా తాత కూడా ఎండబెట్టాడండి అమ్మాయిగారూ. ఆయనకీ ఆరలేదు,” అంది చీపురు ఆపకుండా. “రోడ్డయితే బస్సులు తొక్కుతాయి గానీ ఎండ తగులుద్ది.”

“ఎండలోనే చోటిస్తాను, రా.”

“ఎక్కడుందండి ఎండ? అంతా పరిచేసుకున్నారుగా. ఈ ఏడు ఎట్టాగో గట్టెక్కుతా. వచ్చే ఏడు కూడా ఇంతే అయితే కౌలు వదిలేస్తా. మా చెల్లెలు తెనాల్లో బట్టల కొట్లో చేస్తంది, నన్నూ రమ్మంటంది.”

ఆమె వదిలేస్తే ఆ ఎకరంన్నర ఎవరి చేతికి పోతుందో నాకు తెలుసు. ట్రాక్టర్లున్నవాళ్ళ చేతికే. అలా ఒక్కొక్కరూ వదిలేశాక ఇక నా కళ్ళం ఎవరికోసం?

వచ్చే కోతల నుంచి కొత్త పద్ధతి అని చెప్పాను. రెండెకరాల లోపు వాళ్ళకి ముందు ఎండ, పెద్దవాళ్ళకి తర్వాత. ఊరి పెద్ద రైతు ఆ సాయంత్రమే వచ్చాడు. వాళ్ళ తాత మా మిల్లులో గుమాస్తా.

“ఏంటక్కగారూ, మా ధాన్యం ఎండకి పనికిరాదా?”

“ఎందుకు రాదు తమ్ముడూ. వాళ్ళు ఎత్తుకున్న మర్నాడు పోసుకో.”

“సీజనంతా కళ్ళం నేనే అద్దెకి తీసుకుంటానని ముందే అన్నానుగా. ఇంతమందితో మీకీ తలనొప్పెందుకు?”

“ఇంతమందీ రావాలనే తెరిచాను.”

“అయినా ఎంతమందికని పంచుతారండి ఎండ? సగం మీ మేడే మింగేస్తంటే.” నవ్వాడు.

“పై అంతస్తు తీయించేస్తున్నాను,” అన్నాను.

అతను నవ్వు ఆపి పైకి చూశాడు. “మేడ లేకపోతే ఇంక మిమ్మల్ని అమ్మాయిగారని ఎవరంటారండి?”

“అనకపోతే మానెయ్యనీ.”

ఆ ఏటి కోతలయ్యాక, ఎండలు ముదరకముందే పని మొదలుపెట్టించాను. నాన్నగారి పడక కుర్చీ, నా మంచం కిందికి దించారు. పైకప్పు విప్పుతున్నన్నాళ్ళూ నేను వీధివైపే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. జాలి పడటానికి వచ్చినవాళ్ళకి టీ ఇచ్చి పంపాను. తాతగారు ఏమనేవారో అని ఒకరిద్దరు అన్నారు. తాతగారు తన కాలానికి తగ్గట్టు కట్టారు, నేను నా కాలానికి తగ్గట్టు తీయిస్తున్నానన్నాను.

మళ్ళీ కోతలు వచ్చాయి. పెద్ద రైతు ఆ ఏడు కోపంతో తన ధాన్యాన్ని పొన్నూరు మిల్లులకి తోలించాడు. కౌలు చేసుకునే ఆవిడ ఆటో గేటు ముందు ఆపించి, ఒక్కతే లోపలికొచ్చింది. చెప్పులు విప్పి, ఏళ్ళ తరబడి నీడ పడిన చోట అరికాలు ఆనించి చూసింది.

“కాలతందండి,” అంది. వెనక్కి తిరిగి ఆటోని లోపలికి రమ్మని చెయ్యి ఊపింది.

ధాన్యం ఆరాకే అమ్ముకుంది. వచ్చే ఏటికి కౌలు మాట్లాడుకుంది. ఇప్పుడు నీడ గోడ వారన కొద్దిగా మిగిలింది, అక్కడ నేను కుర్చీ వేసుకుంటాను.

పై అంతస్తు టేకు స్తంభాలు, దూలాలు, తాతగారి గది తలుపులు బాపట్ల సముద్రం దగ్గర కడుతున్న ఒక రిసార్టు వాళ్ళకి అమ్మాను.